ఒక్క ఆట మిగిలిన రీలు, మూడు కుర్చీల అనుమతి

ప్రొద్దుటూరు,
బుధవారం.

ప్రదర్శనల అనుమతుల విభాగంలో ప్రొద్దుటూరు అనుమతి అధికారి, జమ్మలమడుగు పరిశీలనాధికారి, పులివెందుల అప్పీళ్ల అధికారి అయిన శ్రీయుతులకు
(ముగ్గురూ ఒక్కరే కనుక ఒకే ప్రతి సమర్పించడమైనది.)

అయ్యా,

విషయం: “సంతకం కావలెను” అను పాత హాస్య చిత్రమును ప్రొద్దుటూరులో ఒకే ఒక్క ఆట ప్రదర్శించుకొనుటకు అనుమతి కోరుట గురించి, తనిఖీ పేరిట ఆ ఒక్క ఆటనూ తమరే చూసివేయకుండుటకు ప్రార్థించుట గురించి.

1. సదరు చిత్రం 1988లో విడుదలైంది. సెన్సారు సర్టిఫికెట్టు ఉంది. కథ, దర్శకత్వం సంబటూరు వేదమూర్తి గారివి. ప్రధాన పాత్ర కూడా ఆయనదే. ఆయన తీసిన హాస్య చిత్రాలు ఏడు. ఏడింటిలోనూ తిట్లు తినే పాత్రను తనకే రాసుకున్నారు. నత్తివాణ్ణి, కుంటివాణ్ణి చూపి ఒక్కసారి కూడా నవ్వించలేదు. ఈ చిత్రంలో ఆయన మూడు పదవులున్న అధికారి. ఒక కుర్చీలో కూర్చుని ఉత్తరం రాస్తాడు, లేచి రెండో కుర్చీలో కూర్చుని అందుకుంటాడు, మూడో కుర్చీలోకి మారి తిరస్కరిస్తాడు. నాలుగు నిమిషాలు. చివర ఒక్క మాట తప్ప మాటలు లేవు, కెమెరా కదలదు. ఈ చిత్రం వచ్చిన నాటికి తమరు ఉద్యోగంలో చేరలేదని సీనియారిటీ జాబితాలో ఉంది. కనుక ఇది తమరి మీద తీసినదన్న అభ్యంతరం నిలవదు.

2. ఆ దృశ్యం జమ్మలమడుగులో తీశారు. గొర్రెలు తోలుకుపోతూ షూటింగు చూడ్డానికి నిలబడిన గురవమ్మ గారు, అది నిజం ఆఫీసే అనుకుని, కుర్చీలు మారుతున్న వేదమూర్తి గారితో ఒక మాట అన్నారు. ఆయన షూటింగు ఆపించి, తాను రాసుకున్న సంభాషణ కొట్టేసి, ఆమెనే నిలబెట్టి ఆ మాటే చెప్పించారు. పేర్లు పడే చోట “మాటలు: వేదమూర్తి, గురవమ్మ” అని వేశారు. గొర్రెలు మేపుకునే మనిషికి తన పేరు పక్కన పేరు వేసిన రచయితలు ఇంకెవరైనా ఉంటే తెలియజేయగోరుతాను.

3. గురవమ్మ గారికి ఇప్పుడు డెబ్బై రెండు. ఆ చిత్రంలో తనను ఆమె ఇంతవరకు చూసుకోలేదు. ప్రొద్దుటూరులో ఆడిన తొమ్మిది రోజులూ ఆమె మందతో మేత కోసం కొండల వైపు వెళ్లి ఉన్నారు. తర్వాత టీవీలో వేశారు. “నేను నోరు తెరిచే ముందర సబ్బు ప్రకటన వచ్చె. అది పోయేసరికి నేనూ పోయింటి” అన్నారు. టీవీ వాళ్లు ఆ దృశ్యం కత్తిరించారు. ఆమె ఉన్న రీలు మాకు తెలిసి ఒక్కటే మిగిలింది. ఆనాడు సినిమా హాలులో ఆపరేటరుగా ఆ తొమ్మిది రోజులూ ముప్పై ఆరు ఆటలు నడిపిన ఇనాయతుల్లా గారి ఇంట్లో ఉంది. ఆ హాలు ఇప్పుడు బట్టల షోరూము. ప్రొజెక్టరు ఆయన వసారాలో ఉంది.

4. రీలు పులుపు వాసన కొడుతోంది. ఇనాయతుల్లా గారి మాటలు యథాతథంగా: “ఫిలిం కుంచించకపోతాందప్పా. ఇంగొక్క ఆట నడుచ్చాది. రెండో ఆటకు మిషన్లోనే ముక్కలు.”

5. ఇది తెలిపిన మీదటే, ముందుగా పులివెందులలో తమరికి ప్రత్యేకంగా ఆట వేసి చూపవలెనని తమరు ప్రొద్దుటూరు నుంచి ఉత్తర్వు ఇచ్చారు. దానిపై పోయిన వారం మంగళవారం జమ్మలమడుగులో తమరిని కలిశాను. ప్రొద్దుటూరు అధికారి ఉత్తర్వును తాను మార్చలేనన్నారు. “ఆ అధికారి తమరే కదా” అన్నాను. “అది ప్రొద్దుటూరులో” అన్నారు. ముద్దనూరు మీదుగా బస్సులో పులివెందుల వెళ్లాను. అదే వారం శుక్రవారం అక్కడ తమరు, జమ్మలమడుగు నివేదిక రానిదే అప్పీలు వినడం కుదరదన్నారు. తమరి అటెండరు ముబారక్ బయట చెప్పిన సలహా: “ఈ పొద్దు ఈయప్ప పులివెందుల సారు మామా. ప్రొద్దుటూరు సారు కావల్లంటే బేస్తవారం ఆడికే పో.”

6. ప్రేక్షకులు ఎక్కడెక్కడ నవ్వుతారో ముందుగా జాబితా ఇవ్వాలని కూడా తమరు అడిగారు. ఇనాయతుల్లా గారు జ్ఞాపకం మీద చెప్పగా రాసి జతచేశాను. మొత్తం నవ్వులు నలభై మూడు. ముప్పై ఎనిమిది అధికారి మీద, అయిదు ఆయన నెత్తిమీది ఫ్యాను మీద. వరుసలో నిలబడిన అర్జీదారుల మీద ఒక్కటీ లేదు. పద్నాలుగో నవ్వు గురవమ్మ గారిది.

7. కావున ప్రార్థించేదేమనగా: ఆట ఈ ఆదివారం మ్యాట్నీ, మా వీధి ఫంక్షన్ హాలులో. తనిఖీ ఆ ఆటలోనే, జనంతోపాటు కూర్చుని చేసుకోవచ్చు. నవ్వులు లెక్కపెట్టుకోవడానికి జాబితా ప్రతి ఇస్తాము. పులివెందులలో తమరు ఒక్కరే చూస్తే ఆ నలభై మూడూ ఖాళీ గదిలో అయిపోతాయి, ఆమె తనను తాను చూసుకోవడం ఇక ఉండదు. ఈ సంగతి చిత్తగించి, మూడు కుర్చీలలో ఏదో ఒక కుర్చీలో కూర్చుని సంతకం చేయవలెను.

తమ (మూడు పర్యాయాలు) విధేయుడు,
హరినాథ్, విశ్రాంత విలేకరి

తా.క. (గురువారం, ఉదయం 11.20, తమరి ప్రొద్దుటూరు కార్యాలయంలో చేతిరాతతో చేర్చినది): అర్జీ చదివి, ఆ పద్నాలుగో మాట ఏమిటని తమరు అడిగారు. నా వెంట వచ్చిన గురవమ్మ గారు తమరి వైపు చూసి చెప్పారు: “కుర్చీలు మూడుండాయి, మనిషివి ఒగడివే గదప్పా. యా కుర్చీలో ఉన్నప్పుడు నీకు చెవులు ఇనపడ్తాయో చెప్పు, అప్పుడే వస్తా.”

మొదట గుమాస్తా నవ్వారు. తర్వాత ముబారక్. తర్వాత మా అర్జీయే ముఖానికి అడ్డం పెట్టుకుని తమరు. అనుమతి లేకుండా ఈ కార్యాలయంలో పద్నాలుగో నవ్వు ప్రదర్శించబడినట్లు ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను. నవ్వు తగ్గాక తమరు అర్జీ జమ్మలమడుగుకు పంపుతానన్నారు.

మెట్లు దిగుతూ గురవమ్మ గారు అన్న మాట కూడా రికార్డు కోసం: “చెవులు ఈ కుర్చీలో గూడా పనిజేస్తాండాయి లేప్పా. చెయ్యే పనిజేయలా.”

ఆదివారం ఆమె పక్కన తమరికి కుర్చీ ఉంచుతున్నాము. ఒక్కటే ఉంచుతున్నాము.