పాఠం అప్పజెప్పిన పిల్ల

ప్రియమైన అత్తయ్యకు,

మీ అబ్బాయికి చెప్పకుండా పిల్లను తీసుకుని దేశం దాటేశానని ఈపాటికి అందరికీ తెలిసే ఉంటుంది. ఫోన్ చేస్తే ఆయన చేతిలో పడుతుందని, మీ పక్కింటి టైలరమ్మ పేరు మీద ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ కళ్ళద్దాల దుకాణంలో పని దొరికింది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. పైనే మా గది. మీరు పిచ్చుకా అని పిలిచే మీ మనవరాలు బడికి వెళుతోంది. ముందు పన్ను ఊడింది.

ఆయన తలుపు విరగ్గొట్టిన రోజు మీరే కదా అడ్డం పడ్డారు! రేపు పిల్లకేమైనా అయితే? అదొక్కటే ఆలోచించాను. ఇప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించినా తలుపు గడియ పడిందో లేదో చూసుకుంటున్నాను. పిల్లను నా ఒళ్ళోంచి లాక్కుపోతారేమోనని.

మీ కోడలు

ప్రియమైన అమ్మాయికి,

పన్ను ఊడిందని రాశావు సరే, పిల్ల సరిగ్గా తింటోందా లేదా? ఊళ్ళో అందరి చూపూ సరిచేస్తావు గానీ నాకేం కావాలో నీకు కనపడదు.

వాడు కేసు వేశాడు. లాయరు ఇంటికొచ్చి చెప్పినదాంట్లో నాకర్థమైంది ఇది. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉందట. నువ్వు మంచిదానివా, వాడు మంచివాడా అని అక్కడి జడ్జి తేల్చడట. పిల్ల ఇల్లు ఏ దేశంలో ఉందో చూసి అక్కడికి పంపేస్తాడట. పంపితే పిల్లకు ప్రమాదమని నువ్వు రుజువు చేస్తే తప్ప.

నన్ను సాక్ష్యం చెప్పమని వాడడుగుతున్నాడు. రేపు నువ్వూ అడుగుతావు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. వాడు పిల్ల మంచం మీద కూర్చుని ఏడుస్తుంటే చూడలేను. విరిగిన ఆ తలుపునూ చూడలేను.

అత్తయ్య

ప్రియమైన అత్తయ్యకు,

వచ్చేశారు. ఒక పెద్దాయన ముక్కు మీద కళ్ళద్దాలు సరిచేస్తుంటే పోలీసులు దుకాణంలోకి వచ్చారు. మా పాస్‌పోర్టులు కోర్టు తీసేసుకుంది. పిల్లల మనసులో మాట తెలుసుకోవడానికి కోర్టు పంపే కౌన్సిలరమ్మ పిల్లతో విడిగా మాట్లాడుతుందట. నేను ఆ గదిలో ఉండకూడదట.

అందుకే జడ వేస్తూ నేర్పుతున్నాను. "నాన్నంటే ఏమనిపిస్తుంది?" "భయం." "ఎక్కడుంటావు?" "ఇక్కడే, అమ్మ దగ్గర." ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెబుతోంది. నిన్న మాత్రం, "నాన్న బొమ్మలు గీసిస్తాడని కూడా చెప్పనా?" అంది. ఒక్క మాట జారితే విమానం ఎక్కించేస్తారు అత్తయ్యా! అది చెప్పకూడదని కసిరాను.

మీ కోడలు

ప్రియమైన అమ్మాయికి,

ఆ నేర్పడం ఇవాళే ఆపు. వాళ్ళు రోజూ పిల్లలతో మాట్లాడేవాళ్ళు. చిలక పలుకులు పోల్చుకోలేరా? ఈ ఉత్తరం వేళకు అందితే బాగుండును.

అత్తయ్య

ప్రియమైన అత్తయ్యకు,

వేళకు అందలేదు. అప్పటికే అంతా అయిపోయింది.

పిల్ల పాఠమంతా తప్పు లేకుండా అప్పజెప్పిందట. కౌన్సిలరమ్మ ఓపిగ్గా విని, "నీకు ఎప్పుడెప్పుడు భయమేస్తుంది?" అని అడిగిందట. అది నేను నేర్పలేదు. "నాన్న అరిస్తే భయం. ఇక్కడ నేను గట్టిగా నవ్వితే అమ్మ నోరు మూసేస్తుంది. ఎవరైనా వింటే నన్ను తీసుకుపోతారట. అప్పుడు అమ్మ ముఖం చూస్తే ఇంకా భయం" అందట.

జడ్జి అది అందరి ముందూ చదివారు. నేను తలెత్తలేకపోయాను. పిల్లను వెనక్కి పంపమన్నారు. నేనూ వెంట రావచ్చు. అక్కడ మీ అబ్బాయి మాకు వేరే ఇల్లు చూపించాలి, కోర్టు చెప్పినప్పుడే పిల్లను చూడాలి. ఎవరి దగ్గర పెరగాలన్నది అక్కడే తేలుస్తారు. ఎత్తుకొచ్చాననే మాట నా మీద ఉండనే ఉంది. పిల్ల నాకు దక్కకపోవచ్చు.

కోర్టు వరండాలో, కేసు కోసం వచ్చిన నాన్నను చూడగానే పిల్ల పకపకా నవ్వింది. నా చెయ్యి దానంతటదే లేచి దాని నోటి మీదికి వెళ్ళింది. ఆయన చూశారు. ఇక అరుస్తారనుకున్నాను. అరవలేదు. నన్ను చూసి ఆయనే జడుసుకున్నారు.

అత్తయ్యా, అక్కడి కోర్టులో మిమ్మల్ని సాక్ష్యానికి పిలుస్తారు. వెళ్ళండి. మీ అబ్బాయి చేసిందీ చెప్పండి, నేను చేసిందీ చెప్పండి. పిల్లను తప్ప మా ఇద్దరిలో ఎవరినీ కాపాడకండి.

మీ కోడలు