రెండు ‘లేదు’లు

గౌరవనీయులైన జడ్జిగారికి ప్రభువు నామమున వందనములు.

లారెల్ వాగు దగ్గర ఆదివారాలు వాక్యం చెప్పే బోధకుణ్ణి. బడికి పోలేదు, నాకు చదువు నేర్పింది బైబిలే. నిన్న మీ కోర్టులో లోయెల్ స్టాంపర్ పక్షాన సాక్ష్యం చెప్పింది నేనే.

పొగాకు ఆరబెట్టే కొట్టం తగలబడిన సాయంత్రమంతా లోయెల్ నా పక్కన కూర్చుని కీర్తనలు పాడాడు. అందుకే, “వాడు నిప్పేమీ పెట్టలేదు లేదు” అన్నాను. మా కెంటకీ కొండల్లో ఇంగ్లీషు అలాగే మాట్లాడతాం. ఒక ‘లేదు’ చాలదని రెండోది వేసి బిగిస్తాం.

అవతలి ప్లీడరుగారు పకపకా నవ్వారు. “రెండు లేదులు కలిస్తే అవునే కదా బోధకుడుగారూ! పెట్టాడని మీరే ఒప్పుకున్నారు” అన్నారు. తమరు దాన్ని రాసుకున్నారు. బయటికి రాగానే లోయెల్ తల్లి ఎఫీ నా చొక్కా పట్టుకుంది. “ఏందయ్యా బ్రదరూ, నా బిడ్డను నీ నోటితోనే జైల్లోకి తోస్తివి గదా!” అని ఏడ్చింది.

అయ్యా, కొండమీద ప్రసంగంలో ప్రభువు కాదన్నదాన్ని ‘కాదు, కాదు’ అనే చెప్పమన్నాడు. రెండుసార్లే! ఆ ప్లీడరు ఆయన్ని కూడా బోనెక్కించి అవుననిపిస్తాడా?

తీర్పుకు ముందు నన్ను ఇంకొక్కసారి పిలవండి. ఒకే ‘లేదు’తో చెప్పడం మా పంతులమ్మ నేర్పుతోంది గాని, భయం వేస్తే నా నాలుక పాత దారే పడుతుంది. కనుక నోరు విప్పను. లోయెల్ నిప్పు పెట్టాడా అని అడగండి, తల అడ్డంగా ఊపుతాను. అది అటొకసారి, ఇటొకసారి తిరుగుతుంది. దయచేసి దాన్ని రెండుగా లెక్కపెట్టకండి.

మీ కోసం కూడా ప్రార్థించే
సాక్షి