తొందర డిగ్రీ, సగం బెల్లం దిమ్మ

నర్సీపట్నం

అడ్మిషన్ల ఆఫీసరు గారికి కరుణకుమారి వందనాలు. మీకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటోంది. ఎంత నొక్కినా మనిషి రాలేదు. అందుకే ఉత్తరం.

మా చిన్నమ్మాయి బేబి మీ యూనివర్సిటీలో మూడేళ్ల సైన్సు డిగ్రీ రెండేళ్లలోనే చదివేస్తానంటోంది. తగ్గించిన ఏడాదిలో ఏటి తీసేశారండీ? నర్సీపట్నం పక్కనే గొలుగొండ ఊళ్లో బెల్లం వండే మనిషిని నేను. బేగి అవ్వాలని మంట పెంచితే పాకం మాడిపోద్ది. మా పెద్దమ్మాయి రాచెల్‌కీ అన్నీ తొందరే. ఏడో నెలలోనే పుట్టేసింది. బెల్లం చల్లారనిచ్చేది కాదు, నాలిక కాల్చుకుని నవ్వేది. నిరుడు జ్వరమొస్తే పోవడానిక్కూడా తొందరపడింది. అందుకే భయం.

ఇట్లు,
కరుణకుమారి

తా.క.: బెల్లం దిమ్మ పంపాను. నిదానంగా వండినది. తిని చెప్పండి.

*

కరుణకుమారి గారికి నమస్కారాలు.

రాచెల్ గారి సంగతి చదివి బాధ కలిగింది. పాఠాలేవీ తీసెయ్యలేదమ్మా, సెలవులు తీసేశాం. కావాలంటే నెమ్మదిగానూ చదవొచ్చు, మధ్యలో ఆగి మళ్లీ రావొచ్చు. కానుకలు తీసుకోకూడదు కనుక బెల్లం తిప్పి పంపుతున్నాం.

భవదీయుడు,
తాతాజీ, అడ్మిషన్ల విభాగం

తా.క.: సగమే పంపుతున్నాం. మిగతా సగం కెమిస్ట్రీ ల్యాబ్ వారు పరీక్షించారు. మళ్లీ పరీక్షించాలంటున్నారు.

*

తాతాజీ గారికి వందనాలు.

సెలవులు తీసేశారా! మరి పిల్ల ఇంటికెప్పుడొస్తాది? సెలవులిస్తే మా రాచెల్ బస్సు ఆగీ ఆగకుండానే కిటికీలోంచి సంచీ విసిరేది, "అమా, పట్టుకో!" అని. ఇప్పటికీ కాంప్లెక్సులో బస్సు ఆగితే నా చేతులు లేస్తాయి. మా బేబికి నెమ్మది డిగ్రీయే ఇప్పించండి. ఆరేళ్లైనా పర్లేదు.

ఇట్లు,
కరుణకుమారి

తా.క.: సగం దిమ్మకి చీమలు తోడొచ్చాయి. అవీ మీ స్టూడెంట్లేనా?

*

కరుణకుమారి గారికి నమస్కారాలు.

ఆరేళ్లన్నారంటే పాపకి చదువు కష్టమని అర్థమైంది. దిగులు పడకండి. వెనకబడిన పిల్లలకి సాయంత్రం ప్రత్యేక క్లాసులున్నాయి. ఆ సంగతి పాపకే విడిగా రాశాం.

భవదీయుడు,
తాతాజీ

తా.క.: చీమలు మా స్టూడెంట్లు కావు. మావాళ్లు అంత వరసగా నడవరు.

*

తాతాజీ గారికి వందనాలు.

వెనకబడిందా! ఇంటర్‌లో కాలేజీ ఫస్టండీ మా పిల్ల. మీ కాయితం పట్టుకుని నా మీదకొచ్చేసింది.

"ఆరేళ్లు ఎవులడగమన్నారే నిన్ను?"

"నీకెందుకే అంత తొందర? మీ అప్పలాగ!"

"నువ్వొక్కదానివే ఉంటావు కదే. బేగొచ్చేద్దారని!"

నాకోసమటండీ. ఇన్నాళ్లూ మంట మీరు పెంచుతున్నారనుకున్నాను. పొయ్యి దగ్గర కూర్చున్నది నేనే.

సోమవారం బస్సెక్కిస్తున్నాను. రెండేళ్లో, మూడేళ్లో దానిష్టం. నాకోసం తొందరపడితే మాత్రం మీరే ఆపండి.

ఇట్లు,
కరుణకుమారి

తా.క.: దానితో రెండు దిమ్మలు పంపుతున్నాను. గట్టిది మీ ల్యాబ్‌కి. మెత్తటిది కాస్త ముందే దింపేశాను, రాచెల్‌కి అలాగే ఇష్టం. మీ క్లాసులో ఆగలేని పిల్లలెవరైనా ఉంటే ముందు వాళ్లకి పెట్టండి.