గుట్ట మీద మూడుకాళ్ల స్టాండు

నాయినా,

నువ్వు పోయాక మళ్లీ మొన్ననే మన ఖాజాగూడ గుట్ట ఎక్కాను. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన భవనాలను రాత్రిపూట దీపాలతో ఫోటో తీసిమ్మని ఒక కంపెనీ అడిగింది. మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా బిగిస్తుంటే, అప్పట్లో ఇలాంటి స్టాండుతోనే మన భూములు కొలవడానికి వచ్చిన సర్వేవాళ్ల మీదికి నువ్వు ఉరికినట్టే మల్లయ్య కాక కట్టె పట్టుకుని వచ్చాడు.

"ఎవని కోసం కొలుస్తున్నవ్‌రా మన భూమి?"

"కొలుస్తలేను కాకా, ఫోటో తీస్తున్న."

నమ్మలేదు. కెమెరాకు కన్ను ఆనించి చాలాసేపు చూశాడు.

"దీంట్ల మన ఊరేదిరా?"

"రాత్రయితే ఊర్ల కరెంటు తీసేస్తరు గద కాకా, చీకట్ల పడదు."

"గందుకేనా రాత్రి తియ్యమన్నరు?"

నవ్వాను. నిన్న ఫోటో కడిగాను. మెరిసే భవనాల కింద మన ఊరున్న చోటంతా నలుపే.

ఫోటో ఇంకా వాళ్లకు ఇవ్వలేదు నాయినా.