రొట్టె ఒకటిన్నర, పప్పు ఎక్కువ

5 అక్టోబరు 1958, ఆదివారం
జమ్మలమడుగు

మా పిల్ల హఫీజా బస్టాండు గోడ మీది కాగితం ఒకటి ఊడబెరికి తెచ్చింది. ప్రొద్దుటూరులో దసరా ఎగ్జిబిషన్. జెయింట్ వీల్, అద్దాల గది, బావి గోడ మీద తిరిగే మోటార్ సైకిల్. అన్నిటి కింద పెద్దక్షరాల్లో, నానావిధ ఫలహారశాలలు. నా కంటికి ముందు కనపడింది ఆ చివరి లైనే.

పిల్లకు పన్నెండేళ్లు. షుగర్ వచ్చి ఏడాదిన్నర కావస్తోంది. పోయిన ఏడు ఎండాకాలం సెలవుల్లో పులివెందులలో వాళ్ల అవ్వ దగ్గర ఉన్నప్పుడు చెంబులకొద్దీ నీళ్లు తాగేది. ఎండకు అనుకున్నారు. చిక్కిపోయింది. అదీ ఎండకే అనుకున్నారు. మేం చూడ్డానికి పోయిన మర్నాడు తెల్లవారి ఎంత లేపినా లేవలేదు. బస్సులో ఒళ్లో పెట్టుకొని ఇక్కడి మిషన్ ఆసుపత్రికి తెచ్చాం. పదకొండు రోజుల తర్వాత తన కాళ్ల మీద నడిచి ఇంటికి వచ్చింది.

అప్పటి నుంచి ప్రతి ఉదయం తొడకు ఇన్సులిన్ ఇంజెక్షన్. నేనే వేస్తాను. తాలూకా ఆఫీసులో ఫైళ్లు కుట్టే చేయి ఇది. మొదటి నెల రోజులూ వేసేసి దొడ్లోకి పోయి ఏడ్చి వచ్చేవాడిని.

అప్పటి నుంచి పిల్ల మా వంటగది దాటి ఎక్కడా ఒక ముద్ద తినలేదు. నా భార్య మాబున్ని తిననివ్వలేదు. పెళ్లిళ్లు మానుకున్నాం. రంజాన్ నాడు కూడా తలుపు దగ్గరికి వేసుకొని కూర్చున్నాం. ఆమెను తప్పు పట్టలేను. ఆ బస్సులో బిడ్డ తల ఉన్నది ఆమె ఒళ్లోనే.

 హఫీజా ఆ కాగితాన్ని సోషల్ పుస్తకంలో పెట్టుకుంది, అంతే.

9 అక్టోబరు, గురువారం

ఆఫీసు నుంచి నేరుగా ఆసుపత్రికి పోయాను. ఎగ్జిబిషన్ సంగతి డాక్టరమ్మకు చెప్పాను. వద్దంటుందనుకున్నాను. వద్దంటే బాగుండుననీ అనుకున్నాను. ఆమె కార్డు చూసి, ఎన్ని రోజులు అని మాత్రం అడిగింది. మూడు అన్నాను. పోయి రండి, రేపు ఈ పిల్ల పెద్దదై ఎక్కడో ఒకచోట తినాలి కదా, ఇప్పుడే నేర్చుకోనీ అంది.

ఇంట్లో చెప్పాను. మాబున్ని పొయ్యి మీది గిన్నె దించి, "ఆ హోటలోళ్లు దేంట్లో ఏమేస్తారో నీకేం తెలుసు?" అంది. నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను.

11 అక్టోబరు

ఇంట్లో మాటల్లేవు. కూరలో ఉప్పూ లేదు.

16 అక్టోబరు, గురువారం

ఆసుపత్రిలో వనజమ్మ సిస్టర్ నాకు అరగంట పాఠం చెప్పింది. ఇంజెక్షన్ వేయడం నేర్పింది కూడా ఈమే. ఇంటి గిన్నె ఒకటి వెంట తీసుకుపొమ్మంది, హోటల్ విస్తట్లో ఎంత పడిందో కంటికి తెలియదట. వడ్డించక ముందే చెప్పాలి, వడ్డించాక కాదు. తెల్లన్నం కంటే జొన్నరొట్టె మేలు. పప్పు, ఆకుకూర, గుడ్డు సరే. నూనెలో దేవినవి వద్దు. షర్బత్ బదులు మజ్జిగ. అన్నిటికంటే ముఖ్యం టైము. పన్నెండుకు భోజనం, నాలుగుకు ఏదో ఒకటి, తప్పకూడదు. ఇంజెక్షన్ పడ్డాక తిండి ఆలస్యమైతే చక్కెర మరీ దిగిపోతుంది. చెమట, వణుకు, మాట తడబాటు. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా చక్కెర తినిపించాలి.

చక్కెర పొట్లం కట్టి నా చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మాబున్ని తనూ వస్తానంది. ఒప్పుకొని కాదు, నమ్మకం లేక.

20 అక్టోబరు, సోమవారం, సాయంత్రం 5
ప్రొద్దుటూరు

లాడ్జిలో గది దొరికింది. కిటికీలోంచి చూస్తే జెయింట్ వీల్ పైసగం కనపడుతుంది. హఫీజా గదిలోకి వచ్చినప్పటి నుంచి అక్కడే నిలబడి ఉంది.

మధ్యాహ్నం భోజనం గురించి రాయాలని లేదు. రాస్తాను.

బస్టాండు దగ్గర పెద్ద హోటలుకు పోయాం. విస్తరి వేసీ వేయగానే వడ్డించే అతను అన్నం కుప్ప పోశాడు. నేను లేచి నిలబడ్డాను. మా పాపకు షుగర్ అన్నాను. అతనికి వినపడలేదు, లోపల గిన్నెల చప్పుడు. గట్టిగా అరిచాను. హోటలంతా తిరిగి చూసింది. పక్క బల్ల పెద్దాయన, ఇంత చిన్నపిల్లకా అని నోరు నొక్కుకున్నాడు. ఎవరో వచ్చి కాకరరసం తాగించమన్నారు. ఇంకెవరో, పెళ్లెట్లా అవుతుందప్పా అన్నారు. నేను అందరికీ జవాబు చెబుతూ, గిన్నె తీసి అన్నం కొలుస్తూ, కందిపప్పులో బెల్లం వేశారా అని సర్వర్‌ను అడుగుతూ ఉన్నాను. చాలా బాగా చేస్తున్నాననుకున్నాను.

హఫీజా ఒక్క ముద్ద తినలేదు. తల ఎత్తలేదు. ఉదయం వేసిన ఇన్సులిన్ లోపల దాని పని అది చేసుకుపోతోంది. గదికి తెచ్చి బతిమాలితే రెండు ఉడకబెట్టిన గుడ్లు, గుప్పెడు బొరుగులు, ఒక అరటిపండు తింది. గండం గడిచింది.

మాబున్ని గుడ్ల పెంకులు ఏరి కాగితంలో కట్టింది. పిల్లే అంది.

"నువ్వు అందరికీ చెప్తాండావు నాయనా. నా మెడకు బోర్డు కట్టినట్టుంది."

గిన్నె తీసుకుపోయి కడిగాను. 

21 అక్టోబరు, మంగళవారం, ఉదయం 7

స్టవ్ మీద సిరంజి కాగబెట్టాను. టెస్ట్ ట్యూబులో మూత్రం కాచి చూస్తే రంగు ఆకుపచ్చగా వచ్చింది. నీలం అయితే ఇంకా మంచిది, ఇటుకరంగు కాలేదు, చాలు. ఇంజెక్షన్ వేశాను. ఈ పొద్దు హోటల్లో నోరెత్తవద్దని హఫీజా నాకు షరతు పెట్టింది. అడిగేది తనట. అమ్మా నాన్నా ఇద్దరం తల ఊపాం.

మధ్యాహ్నం 1

ఇప్పుడే తిని వచ్చాం. తొందరగా రాయాలి, పిల్ల చెప్పులేసుకొని నిలబడింది.

ఎగ్జిబిషన్ మైదానం వెనక తాటాకుల కొట్టం ఒకటి. చక్రాలు తిప్పేవాళ్లు, డేరాలు కట్టేవాళ్లు అక్కడే తింటారట. పొయ్యి దగ్గర ఉండేది పద్మావతమ్మ అనే ముసలామె. జొన్నరొట్టె చేత్తో తడుతోంది. మాబున్ని నా చెవిలో, "జొన్నరొట్టె తినేదానికి ప్రొద్దుటూరు దాకా రావల్లనా?" అంది. నాకు నవ్వొచ్చింది. పన్నెండు రోజుల్లో ఆమె నాతో వేళాకోళంగా అన్న మొదటి మాట అది.

హఫీజా పొయ్యి దగ్గరికి పోయింది. గొంతు సన్నగా, కానీ తడబడకుండా అడిగింది.

"అవ్వా, నాకు రొట్టె ఒగటిన్నర. పప్పు ఎక్కువ. ఆకు ఏముంది?"

"సిర్రాకు ఉండాది."

"అది కూడా ఎక్కువ. నూనె పైన పోయొద్దు."

 ఎందుకు అని ముసలామె అడుగుతుంది, ఇప్పుడు మొత్తం చెప్పాలి అనుకున్నాను. పద్మావతమ్మ రొట్టె తిరగేసి, "చెనిక్కాయ పొడి తింటావా?" అంది. అంతే. పిల్ల, ఒక స్పూను అంది. ముసలామె అంతే వేసింది.

కాసేపటికి నేనే ఉండబట్టలేక, శ్రమ పెట్టాం అన్నాను. "శ్రమేందప్పా! ఒగడు కారం లేకుండా అంటాడు, ఒగడు మాడినట్టు కాల్చమంటాడు. తినే నోరు వాళ్లది. అడిగితేనే కదా తెలిసేది" అంది, నా వైపు చూడకుండానే.

హఫీజా మొత్తం తింది. వేళ్లు కూడా నాకింది. మాబున్ని తన రొట్టెలోంచి ఒక తునక తుంచి నమిలి, బాగుంది, మనది ఇంత మెత్తగా రాదు అంది. ముసలామె ఆమెను పిలిచి పిండిలో నీళ్లు ఎంత వేడిగా పోయాలో చూపించింది.

సాయంత్రం 6.30

 జరిగింది వరసగా రాస్తాను.

జెయింట్ వీల్ దగ్గర పెద్ద క్యూ. మూడుంబావుకు నిలబడ్డాం. నాలుగు దాటింది. ఏదైనా తిని వద్దాం అన్నాను. మన వంతు పోతుంది, ఇంకా పదిమందే అంది హఫీజా. పదిమందే కదా అనుకున్నాను. ఆ అనుకోవడం నాది, పిల్లది కాదు. నాలుగుంబావుకు ఎక్కారు, తల్లీకూతుళ్లు. పెట్టెకు నలుగురు. ఎదురు బల్ల మీద వేముల ఊరి రైతు ఒకాయన, ఆయన మనవరాలు. నాకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయి, కింద ఉన్నాను.

మూడు చుట్లు తిరిగింది. హఫీజా నవ్వు నాకు కింద వరకు వినపడింది. ఏడాదిన్నర అయింది ఆ నవ్వు విని.

నాలుగో చుట్టులో ఇంజను ఆగింది. వాళ్ల పెట్టె అన్నిటికంటే పైన ఉంది.

జనం ముందు ఈలలు వేశారు. అయిదు నిమిషాలు. పది. ఇంజను తిప్పే మనిషి చెమటలు కక్కుతూ ఏదో విప్పుతున్నాడు. నేను చొక్కా జేబు తడుముకున్నాను. చక్కెర పొట్లం నా జేబులోనే ఉంది. కింద. నా జేబులో.

పిచ్చివాడిలా అరిచాను. పైకి వినపడదు. ఇనుప కమ్మీలు పట్టుకొని ఎక్కబోతే ఇద్దరు నన్ను నడుము పట్టి లాగారు. పైన హఫీజా తల తల్లి భుజం మీద వాలడం చూశాను. ఆ తర్వాత ఎండ కళ్లల్లో పడి ఏమీ కనపడలేదు.

ఎప్పటికో చక్రం కదిలింది. పెట్టె దిగింది. హఫీజా తనంతట తానే దిగింది. మొహం తెల్లగా ఉంది, నుదురంతా తడి, పెదవుల చుట్టూ బెల్లం పాకం. నేను పొట్లం చాపాను. "వద్దు నాయనా, తిన్యా" అంది.

పైన జరిగింది మాబున్ని చెప్పింది. పిల్ల చేతులు వణకడం చూసింది.  తనకు ఆ బస్సే గుర్తొచ్చి, పిల్లను హత్తుకొని అట్లే కూర్చుండిపోయిందట. హఫీజానే తల ఎత్తి, ఎదుటి రైతును గట్టిగా అడిగింది.

"తాతా, నాకు షుగర్ జబ్బు ఉండాది. ఇప్పుడు చక్కెర తగ్గిపోయింది. తీపి ఏమన్నా ఉంటే బిన్న ఇయ్యి."

ఆయన మనవరాలికి కొన్న బెల్లం మిఠాయి తువ్వాల్లోంచి తీసి మొత్తం ఒళ్లో పోశాడు. మనవరాలు తను కొరికిన ముక్క కూడా ఇచ్చింది. హఫీజా రెండు ముక్కలు నమిలి, తల్లి భుజానికి ఆని, ఎనిమిదో ఎక్కం లోపల లోపల చెప్పుకుందట, మతి సరిగా ఉందా లేదా అని. ఉంది. ఆ తర్వాత అటు చూడమ్మా, పెన్న కనపడుతోంది అని చూపించిందట.

రైతు పేరు నారాయణ. ఆయనకు దణ్ణం పెట్టబోతే నా చేతులు పట్టుకున్నాడు. "భయపడొద్దప్పా. పాపకు నోరుండాది. ఏం కావల్లనో అడిగి తీస్కుంటాది" అన్నాడు. ఇంకో మిఠాయి పొట్లం కొనిస్తానంటే ఆయన మనవరాలు, పీచుమిఠాయి కావాలంది. కొనిచ్చాను.

వెంటనే పద్మావతమ్మ కొట్టానికి తీసుకుపోయి రొట్టె, మజ్జిగ తినిపించాం. ఎందుకొచ్చామో హఫీజానే చెప్పింది, చక్రం పైన ఏం జరిగిందో చేతులు తిప్పుతూ. కొట్టంలో అందరూ విన్నారు. పిల్ల తల దించుకోలేదు.

నేను మాత్రం బయటికి పోయి నిలబడ్డాను. మాబున్ని వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కొంగుతో నా మొహం తుడిచి, "లోపలికి రా, నువ్వు కూడా ఏమీ తిన్లేదు మధ్యాన్నం నించి" అంది.

22 అక్టోబరు, బుధవారం, ఉదయం

పొట్లం ఇక నా జేబులో ఉండదు. మాబున్ని హఫీజా లంగా నడుము దగ్గర చిన్న సంచి కుట్టింది. పిల్ల సిరంజి కూడా అడిగింది. నేను మందు ఎక్కించి ఇచ్చాను, తను గుచ్చుకుంది. ఒక్కసారి "స్స్" అంది. నేను రెండుసార్లు అన్నాను.

మధ్యాహ్నం

చక్రం మళ్లీ తిరుగుతోంది. ముందు తిని, తర్వాత క్యూ. మాబున్ని, ఇంకోసారి ఎక్కుదామా అని అడిగింది. నన్ను కాదు, కూతుర్ని.

11 నవంబరు, మంగళవారం
జమ్మలమడుగు

దీపావళికి స్నేహితురాలు పిలిస్తే హఫీజా వాళ్లింట్లో భోజనం చేసి వచ్చింది. ఏం తిన్నావని మాబున్ని అడగలేదు. అడగకుండా ఉండడానికి వాకిలి రెండుసార్లు ఊడ్చింది. చివరికి పిల్లే చెప్పింది, రొట్టె ఒకటి, వంకాయ కూర, సగం కజ్జికాయ. ట్యూబులో రంగు పసుపు, చక్కెర కొంచెం ఎక్కువే. రేపు చూద్దాం.

14 డిసెంబరు, ఆదివారం

బడి పిల్లలను గండికోటకు తీసుకుపోయారు. హఫీజా పోయింది. మేం పోలేదు. పిల్ల టైముకు తినిందో లేదో అని ఇద్దరికీ ఒకటే ధ్యాస.

మధ్యాహ్నం నేను వచ్చి పీట మీద కూర్చుంటే మాబున్ని, ఇందాకనే తింటివి కదా అంది. నాకు గుర్తు లేదు. అయినా పెట్టమన్నాను. పెట్టింది. తనూ కంచం తెచ్చుకొని ఎదురుగా కూర్చుంది.

తనకు కూడా అది రెండోసారేనట.