అల్లం తోక

మే 3, శనివారం

మేడ మీద బాడుగకుండే స్వప్న పోయింది, నెల్లూరికి. బ్యాంకు బదిలీ. పోతా పోతా అద్దాల పెట్టె నా చేతిలో పెట్టింది. లోపల అల్లం, అదీ దాని పేరు. బల్లే, కానీ మన గోడ మీది బల్లి కాదు. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు, లావు తోక, గోడలెక్కదు. "కొత్త ఇంట్లో ఒప్పుకోరక్కా. మీరైతేనే నాకు ధైర్యం." ఎందుకు తలూపినానో... నన్ను నమ్మి ఎవరూ ఏదీ చేతిలో పెట్టింది లేదు, అందుకేమో.

దాని తిండికి తవుడు డబ్బాలో పురుగులు. ఇంకా ఒక వేడిపలక, పెట్టె కింద పెట్టి ప్లగ్గు వేయాలంట. మే నెలలో, కడపలో, వేడిపలక! పిచ్చిపిల్ల. అటక మీదికి ఎక్కించినా.

అత్త పురుగుల డబ్బా చూసి — బతుకంతా పిండిలో పురుగులు జల్లెడ పట్టి పారేస్తిమి, నా కోడలు సాకుతాంది! మీద పడితే తలస్నానమే, ముందే చెప్తాండా — అని ఆమడ దూరం జరిగింది.

మే 4

రెప్పలుండాయి దీనికి! కన్ను మూసి తెరుస్తాది. మన బల్లికి రెప్పలుండవని ఈరోజే చూసినా. నలభై ఏండ్లు వాటి కిందే పండుకుంటి.

మే 7

తినలే. నిన్నా తినలే. ఈ ఎండకు నాకే ముద్ద దిగడంలే, దానికెట్ల దిగుతాది పాపం. పెట్టె మీద తడి గోనెసంచి కప్పి, కూలర్ ముందర పెట్టినా. ఎండన పడి ఎవరొచ్చినా ముందు చేసేది అదే కదా, నీడ, చల్లటి నీళ్లు. నాకు లేని కూలరు దానికా అని అత్త సణుగుడు. సణుగుతానే జరిగి చోటిచ్చింది.

మే 10

తోక సన్నబడింది.

స్వప్న పోయేటప్పుడు మరీ మరీ చెప్పింది. తోక చూస్తా ఉండండక్కా, తిండి దొరకని రోజులకు కొవ్వంతా దాంట్లోనే దాచుకుంటాది అని. ఇప్పుడు ఆ దాచిందే కరిగిపోతాండాది. ఫోన్ చేసేదానికి మొహం చెల్లలే. చచ్చిపోతే ఏమని చెప్పేది...

ఎందుకో అత్తకు చెప్పేసినా. మామ పోయినాక ఆమె కోసిగి నుంచి ఈడికొచ్చి ఏడాది. ఉప్పు, పప్పు, మాత్రలు, ఇంతే మా మధ్య మాటలు. రోట్లో దంచేది ఆపింది. "కరువుకు దాచుకుంటాదా? మా మాదిరే." వానల్లేని ఏడు గుంటూరు దిక్కు కూలికి పోయేముందు, జొన్నలు పాత గుడ్డలో మూటగట్టి దూలం సందున పెట్టిపోయేదంట. తిరిగొచ్చిన రోజు పొయ్యి రాజేసుకునేదానికి. ఇన్నేండ్లకు ఆ మాట నాకు చెప్పింది.

సాయంత్రం పెట్టె దగ్గరికొచ్చి వంగి చూసింది. ఆమడ దూరం పోయి జానెడైంది.

మే 12

పెట్టె ఖాళీ. తడి గోనెసంచి బరువుకు మూత పక్కకు జారి... లోపల అది దాక్కునే మట్టిగూడు ఎక్కి బయటపడినట్టుండాది. మంచం కింద, బియ్యం డబ్బాల వెనక, కుట్టుమిషను కాడి పేలికల్లో, యాడా లేదు. ఏడుపొచ్చింది, నిజం.

పెరట్లోంచి అత్త. "ఈడుండాది. అరవొద్దు, మెల్లగా రా."

ఉతుకుడు బండ మీద. నల్లటి కడప బండ, పొద్దు గుంకినా చురుక్కుమంటాది. అల్లం దానికి పొట్ట ఆనించి, కండ్లు మూసుకోని, అమ్మ ఒళ్లో మాదిరి. ప్రహరీ మీద పిల్లి. అత్త చీపురు పట్టుకోని కాపలా. మోకాళ్ల నొప్పులామె, ఎంతసేపట్నుంచి నిలబడుందో.

బండ మీద చెయ్యి పెట్టినా. థూ, నా తెలివి తెల్లారినట్టే ఉండాది! దానికి కావాల్సింది ఎండ. నేను చల్లగా చంపుతాండా.

అటకెక్కినా. పలక దించినా.

మే 13

స్వప్నకు అంతా చెప్పేసినా. తిట్టలే. పొట్టకు వేడి తగలకుంటే తిన్నది అరగదంట, అందుకే ముట్టదంట. అత్తకు చెప్తే — పొయ్యి ముట్టించకుండా ఎసట్లో బియ్యం పోస్తారా ఎవరన్నా, అనింది. నవ్వినాం. ఇద్దరం. ఈయన డోన్ కాడ లారీ ఆపి ఫోన్ చేసినాడు, ఆ నవ్వేది ఎవురు అని. మీ అమ్మే అంటే నమ్మలే.

దేవునికా, స్వప్నకా, ఆ బండకా, ఎవరికి దండం పెట్టాలో తెలీక అందరికీ పెట్టినా. చీపురు పట్టిన ఆమెకు మాత్రం మనసులోనే.

మే 14

ఇంకా తినలే. పురుగును చూసి మొహం తిప్పుకుంటాది. తోక నా చిటికెనవేలంత.

మే 16, శుక్రవారం

గాలీవాన. కరెంటు పోయింది. పలక చల్లబడింది, బండ తడిసింది. వీధంతా వానకు సంబరపడతాంది, నేనొక్కదాన్నే తిట్టుకుంటాండా.

అత్త పొద్దున్నే తలంటుకోని దీపం పెట్టిన మనిషి. వచ్చి పెట్టె ముందర కూర్చుంది. అరచేతులు రుద్ది రుద్ది వేడి చేసుకోని, ఒక చెయ్యి లోపల పరిచింది. అల్లం శానాసేపు చూసింది. ఒక్కో కాలే వేస్తా ఎక్కింది. పొట్ట ఆనించింది.

అలవాటు కదా, లేచి అడిగినా, స్నానానికి నీళ్లు తోడనా అత్తా అని.

"కూర్చోమ్మే. ముందు అది తిననీ."

తర్వాత దానితో, మెల్లగా — "తినప్పా."

ఆమె చెయ్యి కదిలించలే. పురుగు దాని మూతి ముందరే కదులుతాండాది. చూస్తా రాస్తాండా...