గోడ గుర్రుమంటోంది పిన్నీ

గురువారం, స్కూల్ నుంచి వచ్చాక

పిన్నికి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, కాకపోతే గుసగుసగా క్షేమం. నువ్వూ, నీ బ్యాండ్ వాళ్లూ గట్టిగానే క్షేమంగా ఉన్నారనుకుంటా.

నా కోడికెలుకుడు రాత చూసి నవ్వకు. అమ్మ నా ఫోన్ చెక్ చేస్తోంది, అందుకే కొరియర్. చదివి చింపెయ్.

నా లాప్‌టాప్‌లో సింథ్, అదే రకరకాల సౌండ్లు పుట్టించే సాఫ్ట్‌వేర్, వేసిచ్చావు గుర్తుందా? కదిలించేది సోర్స్, కదిలేది డెస్టినేషన్, రెండిటి మధ్యా గీత లాగి ఎంత కదలాలో అమౌంట్ పెట్టాలన్నావు. మనింట్లోలాగే అన్నమాట. నానమ్మ దగ్గితే నాన్న లేస్తాడు, ఎంత గబుక్కున లేస్తాడన్నది అమౌంట్.

నేనేమో పొరపాటున మైక్‌ని సోర్స్ చేసి, ఓ లావుపాటి బేస్ సౌండ్ వాల్యూమ్‌కి కలిపేశా. మైక్ హాల్లో టీవీ వెనక ఉండిపోయింది. స్పీకర్ నా రూమ్ అటక మీద, సూట్‌కేసుల వెనక. హాల్లో ఎవరు గొంతు పెంచినా గోడలోంచి గుర్ర్‌ర్! ఎంత అరిస్తే అంత.

మొదటిసారి తడి టవల్ గురించి నాన్న అమ్మ మీద అరిచాడు. గోడ నాన్న మీద అరిచింది. నాన్న ఠక్కున కూర్చుండిపోయాడు. మీ అరుపులకి గోడక్కూడా కడుపునొప్పి వచ్చిందర్రా అంది నానమ్మ. ప్లంబర్‌ని పిలిచారు. ఆయన పైపు మీద రెంచితో కొట్టి, ఎవడ్రా లోపల అని గదమాయించాడు. గోడ ఇంకా గట్టిగా గదమాయించింది. ఆయన రెండడుగులు వెనక్కేసి, ఇది ప్రెషరమ్మా, ఆదివారం వచ్చి గోడ పగలగొడతానన్నాడు.

ఇప్పుడు ఇంట్లో అందరివీ గుసగుసలే, టీవీ కూడా మ్యూట్. నానమ్మ పెదాలు చూసి వార్తలు చెబుతోంది, పూటకో ప్రభుత్వం పడిపోతోంది.

గోడ పగిలితే పైపు బాగానే ఉందని తెలిసిపోతుంది. తర్వాత అటక వెతుకుతారు, తర్వాత నన్ను. ఆ గీత ఎలా తీసెయ్యాలో తొందరగా చెప్పు.

నీ చిట్టెలుక

తా.క. పైన అబద్ధం రాశా. లాప్‌టాప్ మూస్తే గోడ నోరు మూస్తుందని నాకూ తెలుసు. కావాలనే కలిపా. వేరే ఇల్లు చూసుకుని వెళ్లిపోతానని నాన్న అరిచాడే, ఆ మర్నాడు. గుసగుస వినపడాలంటే దగ్గరగా కూర్చోవాలిగా పిన్నీ. నిన్న ఇద్దరూ సోఫాలో ఒకే పక్కన కూర్చున్నారు. అమ్మ చెవిలో ఏదో అంటే నాన్న నవ్వాడు, అదీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. అమ్మకి ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్పు, గోడ జోలికి వెళ్లనివ్వకు. వాళ్ల మాటలు ఇంకా అవ్వలేదు.